నెలవంక మీది తల్లి

మా ఊరు ద్రెనోవిత్సలో కెరానా అంటే అందరికీ ముందు ఆమె మెడలోని బిళ్లే గుర్తొచ్చేది. ఆ తరవాతే మనిషి. ఇరవై రెండేళ్లు ఆ ఊరి బడిలో పాఠాలు చెప్పినదాన్ని, నాకిది మొదటినుంచీ మింగుడు పడలేదు. బిళ్లకి ముద్దులు పెట్టినవాళ్లలో ఒక్కరూ ఆ మనిషి నడుం ఎందుకు వంగిందని అడగలేదు.

నేను చెబుతాను. అయిదో ఏట పొగాకు ఆకులు దండ గుచ్చడం నేర్చింది. నాలుగో తరగతితో బడి మానిపించారు. పెళ్లయ్యాక సర్కారు వాళ్ల ఉమ్మడి సేద్యంలో పొగాకు కోత. పెద్దకొడుకు జెకో కడుపులో ఉండగా తొమ్మిదో నెల దాకా వంగి ఆకు కోసింది, చిన్నవాడు వల్కో అప్పుడూ అంతే. ఆ తరవాత ఊళ్లోని కాన్పుల ఆసుపత్రిలో నేల కడిగే పని, ఇరవై మూడేళ్లు. తొంభై నాలుగులో ఆ ఆసుపత్రి మూసేశారు. పుట్టేవాళ్లు తగ్గిపోయారు, ఇంతమందికి ఇంత ఖర్చు దండగ అన్నారు. ఆ తగ్గిపోయిన కొద్దిమందీ ఇప్పుడు యాభై ఎనిమిది కిలోమీటర్ల గతుకుల మీద కొట్టుకుంటూ బుర్గాస్ పట్నం వెళ్లి పుట్టాలి. దండగ ఎవరికో, ఖర్చు ఎవరికో ఎవరూ లెక్క చెప్పలేదు.

ఇక బిళ్ల సంగతి. అత్తగారు పోతూ పోతూ మెడలో వేసిన పాత వెండి నాణెం. తాడు ఎక్కించడానికి పైన చిల్లు. ఒకవైపు అలలు అలలుగా జుట్టు దువ్వుకున్న ఒకావిడ, భుజాల దాకా. ఆ భుజాల కింద నెలవంక. రెండోవైపు కుర్చీలో కూర్చుని చేత్తో కర్ర పట్టుకున్న స్త్రీ. చుట్టూ మావి కాని అక్షరాలు. నాకు ఆ అక్షరాలు వచ్చు, కానీ ఆ బిళ్లని చదవడానికి ఏనాడూ చేతిలోకి తీసుకోలేదు. చదివేదేముంది? అది ఎలేనమ్మ అని ఊరంతటికీ తెలుసు. కొన్‌స్తాంతిన్ చక్రవర్తి తల్లి, సిలువ వెతికి తెచ్చిన పునీతురాలు. మా చర్చి ఆ తల్లీకొడుకుల పేరు మీదే కట్టింది. నెలవంక ఎందుకంటే, టర్కీ సుల్తాను జెండా మీది చంద్రుణ్ణి ఆమె తొక్కి పట్టిందట. సుల్తాను పుట్టడానికి వెయ్యేళ్ల ముందే ఎలా తొక్కిందని అడిగే తెలివి నాకూ అప్పట్లో లేకపోయింది.

నొప్పులొచ్చిన ప్రతి ఆడదీ ఆ బిళ్లని గుప్పిట పట్టుకునేది. కాన్పుల ఆసుపత్రిలో డాక్టరు చూడనప్పుడు కెరానా చీపురు గోడకానించి, మెడలోంచి తీసి గుప్పిట్లో పెట్టేది. అలా నలభై ముగ్గురు. పక్క వాడలోని టర్కీ ఇంటి ఎమినే కూడా పట్టుకుంది. "మా చంద్రుడు కదే కెరానా, మీ ముసలమ్మ దాని మీద ఎక్కి కూర్చుంటే మేమేం చేస్తాం, మోస్తాం" అని నవ్విందట నొప్పుల మధ్య. ఆ ఎమినేకి ఎనభై అయిదులో సర్కారు టర్కీ పేరు తీయించి మా పేరు పెట్టింది, ఎనభై తొమ్మిదిలో సరిహద్దు దాటించి టర్కీకి తోలింది. బిళ్ల ఎవరిని కాపాడిందో, ఎంతవరకు కాపాడిందో నేనేం చెప్పను?

జనవరిలో మంత్రసానుల పండగ రోజున ఆ ఏడు కన్న తల్లులంతా సబ్బూ కొత్త తువ్వాలూ పట్టుకుని కెరానా గుమ్మంలోకి వచ్చేవాళ్లు. ఆమె చేతుల మీద నీళ్లు పోసి కడిగేవాళ్లు. ఇరవై మూడేళ్లు ఇతరుల నెత్తురు కడిగిన చేతులు ఏడాదికొక్కసారి ఇంకొకరు కడిగితే కెరానా సిగ్గుతో చచ్చిపోయేది. "చాల్లేవే, తోలు ఊడొస్తుంది" అనేది.

ఆసుపత్రి మూసిన కొన్నేళ్లకి, ఒక వేసవిలో ఊరి చివరి దిబ్బ తవ్వడానికి మ్యూజియం వాళ్లొచ్చారు. వాళ్లలో మిలెవా అనే అమ్మాయి కెరానా ఇంట్లో దిగింది. చురుకైన పిల్ల, మాట్లాడకుండా ముద్ద దిగదు. ఒక మధ్యాహ్నం నేనూ అక్కడే ఉన్నాను. పుదీనా వేసిన చిక్కుడుగింజల పులుసు తింటున్నాం.

"అవ్వా, మెడలో అది ఒకసారి చూడనిస్తావా?" అంది మిలెవా.

"చూడు తల్లీ. ముందు ముద్దు పెట్టుకో, తరవాత చూడు. ఎలేనమ్మ."

మిలెవా జేబులోంచి భూతద్దం తీసింది. తిప్పి చూసింది. నవ్వింది. పాపం, వెక్కిరింపు నవ్వు కాదు, చిన్నపిల్ల నవ్వు.

"ఎలేనా కాదవ్వా. ఈవిడ యూలియా. ఎలేనా కంటే నూరేళ్ల ముందుది. రోము చక్రవర్తి పెళ్లాం, తరవాతి చక్రవర్తికి తల్లి. క్రైస్తవురాలు కూడా కాదు."

"నీ మొహం. మరి కాళ్ల కింద చంద్రుడో?"

"కాళ్లెక్కడున్నాయవ్వా? భుజాల దాకానేగా బొమ్మ! రెట్టింపు విలువ నాణెం మీద రాణి బొమ్మ వేస్తే కింద నెలవంక పెట్టేవాళ్లు. రాజు బొమ్మైతే నెత్తిన సూర్యకిరణాల కిరీటం."

"మగాడికి నెత్తిన సూర్యుడు, ఆడదానికి అడుగున చంద్రుడు" అంది కెరానా. "అప్పుడూ అంతేనన్నమాట. మరి వెనకాల కూర్చున్నది?"

"వాళ్ల దేవత. వీనస్."

కెరానా నాకేసి చూసింది, నిజమేనా అన్నట్టు. ఆ క్షణాన మొదటిసారి బిళ్లని నేను చేతిలోకి తీసుకున్నాను. నిజమే. అరిగిపోయినా చదవొచ్చు. నేను తల ఊపాను.

"అక్షరాలేమంటున్నాయి?" అంది కెరానా.

మిలెవా వేలితో చూపిస్తూ చదివింది. "యూలియా. భక్తిపరురాలు, భాగ్యవంతురాలు, మహారాణి."

"మంచిదేగా" అంది కెరానా కాస్త తేరుకుని. "పిల్లలున్నారా?"

"ఇద్దరు కొడుకులు."

"నాలాగే."

మిలెవా అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు, ఆమెకేం తెలుసు? రొట్టె తుంచుకుంటూ చెప్పేసింది. తండ్రి పోయాక అన్నదమ్ములకి పడలేదట. ఒకే భవనాన్ని రెండుగా పంచుకుని మధ్య తలుపులు మూసేసుకున్నారట. తల్లి రాజీ చేయాలని ఇద్దర్నీ తన గదికి పిలిచింది. పెద్దవాడు మనుషుల్ని పెట్టి తమ్ముణ్ణి పొడిపించాడు. చిన్నవాడు అమ్మా అంటూ ఆమె మెడకి చుట్టుకుని ఆమె ఒళ్లోనే పోయాడు. తల్లి ఏడవడానికి కూడా వీల్లేదన్నాడట పెద్దవాడు.

"ఈ నాణెం ఆ పెద్దకొడుకు రాజ్యంలోదే. తమ్ముణ్ణి చంపేశాక ముద్ర వేయించింది."

కెరానా చెంచా పులుసులోనే ఉండిపోయింది.

"చంపాకనా? ఆ భాగ్యవంతురాలన్న మాట?"

"అవునవ్వా, అదే రాశారు."

"ఎవరు రాశారే? ఆవిణ్ణి అడిగి రాశారా?"

మిలెవా రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేసింది. దానికి జవాబు నా దగ్గరుంది. అధికారంలో ఉన్నవాడికి తల్లి మొహం కావాలి గానీ తల్లి మాట అక్కర్లేదు. ఆడదాని బొమ్మ ఎంత అందంగా చెక్కితే ఆమె నోరు అంత గట్టిగా మూసినట్టు. కానీ ఆ మాట అక్కడ అనలేకపోయాను. కెరానా ఏం ఆలోచిస్తోందో నాకు తెలుసు.

ఊళ్లో అందరికీ తెలుసు. ఉమ్మడి సేద్యం రద్దయి భూములు వెనక్కి పంచినప్పుడు, పంచిన కార్యాలయం వాళ్లు కెరానా మామగారి అక్రోటు తోటకి రెండు కాగితాలు ఇచ్చారు. ఒకటి జెకో పేర, ఒకటి వల్కో పేర. తోట ఒక్కటే. ఒకడు కంచె వేస్తే ఒకడు పీకాడు. ఒకరోజు కెరానా ఇద్దరి మధ్య చేతులు చాపి నిలబడితే, ఆమె భుజం మీదుగా జెకో పార తిరగేసి కొట్టాడు. వల్కోకి మెడ కింద ఎముక విరిగింది. తల్లి కాళ్ల మీదే పడ్డాడు. బతికాడు. అప్పటినుంచి ఏడేళ్లు, జెకో ఆదివారం వస్తాడు, వల్కో బుధవారం వస్తాడు.

మర్నాడు కెరానా మా ఇంటికి వచ్చింది. మెడ బోసిగా ఉంది.

"పంతులమ్మా, నువ్వు చదువుకున్నదానివి, చెప్పు. జెకో పుట్టినప్పుడు ఆ బిళ్ల నా గుప్పిట్లో ఉంది. వల్కో పుట్టినప్పుడూ ఉంది. ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, నెలవంక అచ్చు అరచేతిలో పడింది. ఆవిడ రాత నాకంటిందా?"

"అంటుకోవడానికి అదేం గజ్జా? నీ కొడుకుల గొడవ ఒకే తోటకి రెండు కాగితాలిచ్చిన గుమాస్తా చేసిన పని."

"గుమాస్తా కాగితమే ఇచ్చాడు, పార ఇవ్వలేదుగా?"

నేను నోరు తెరిచేలోపే ఆమే మళ్లీ అంది. "సరే, రాత కాదనుకో. మరి నలభై ముగ్గురు బతికి బయటపడ్డారుగా. ఆ మంచి ఎవరిది? ఎలేనమ్మని పిలిస్తే ఆ యూలియా పలికిందా? ఎలేనమ్మ పలికిందా? ఒకరి పేరు పెట్టి పిలిస్తే ఇంకొకరు వస్తారా? మంచి ఆవిడది కాదంటే చెడూ ఆవిడది కాదనాలి. చెడు ఉందంటే మంచీ ఒప్పుకోవాలి. ఎటు తిప్పినా నాకు పాలుపోవట్లేదు."

నిజం చెబుతున్నాను, నాకూ పాలుపోలేదు. మూఢనమ్మకం, వదిలెయ్ అనడం తేలిక. వదిలేసిన చోట ఏం పెడతాను? ఆసుపత్రా? దాన్ని తాళం వేసి పోయారు.

ఆదివారం జెకో వస్తే అతన్నీ అడిగిందట. అతను తలుపు దగ్గరే నిలబడి, "అమ్మా, పిచ్చి పట్టిందా నీకు? కొట్టింది నేను. బిళ్లని ఎందుకు అంటావు?" అన్నాడట. ఏడేళ్లలో ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. అది విన్నాక ఆమె గందరగోళం ఇంకా పెరిగింది. తప్పు ఒప్పుకున్న కొడుకుని చూసి సంతోషించాలా, తప్పు నిజంగా వాడిదేనని తేలినందుకు ఏడవాలా?

బిళ్ల ఎవరికీ ఇవ్వకూడదని మాత్రం ఒక నిర్ణయానికొచ్చింది. దానికి కారణం స్తామెనా. పక్కింటి దోన్కా కోడలు. ఒకసారి కడుపు పోయింది, ఈసారి కవలలు. ఇద్దరూ మగపిల్లలని బుర్గాస్ డాక్టరు యంత్రంలో చూసి చెప్పాడు. ఇద్దరు మగపిల్లల తల్లి చేతిలో ఆ యూలియాని పెట్టడమా?  అలాగని నిజం చెబుదామంటే, ఇన్నాళ్లూ పట్టుకున్న నలభై ముగ్గురి మొహం ఎలా చూడాలి? అడిగినవాళ్లకల్లా "తాడు తెగింది, కొత్తది పేనుతున్నా" అంటూ వచ్చింది. తాడు పేనడానికి రెండు నెలలా అని దోన్కా దెప్పింది.

సెప్టెంబరులో, నెల నిండకుండానే, పట్టపగలు స్తామెనాకి నొప్పులు మొదలయ్యాయి. పట్నానికి ఫోన్ చేస్తే అంబులెన్సు ఇంకో ఊరు వెళ్లిందన్నారు. నా పాత లాడా కారు తీశాను. ముందు సీట్లో దోన్కా, వెనకాల స్తామెనా. కెరానాని పిలిస్తే చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వచ్చి స్తామెనా పక్కన ఎక్కింది.

మలుపు దాటామో లేదో స్తామెనా చెయ్యి చాపింది. "అవ్వా, బిళ్ల."

"లేదు తల్లీ. నా చెయ్యి పట్టుకో."

"లేదంటే?"

"పోయింది."

"పోయిందా!" దోన్కా వెనక్కి తిరిగింది. "ఊరందరికీ ఇచ్చి నా కోడలికొచ్చేసరికి పోయిందా? మొన్న నువ్వు పొదిగే కోడిని అడిగితే నేనివ్వలేదని కక్షా నీకు?"

"నీ కోడి గొడవేంటే ఇప్పుడు, ముందుకి చూడు."

"చూస్తా. ఏవమ్మా పంతులమ్మా, నువ్వు గతుకులన్నీ ఏరుకుని మరీ ఎక్కిస్తున్నావా?"

స్తామెనా ఏడుపు మొదలుపెట్టింది. నొప్పి ఏడుపు కాదది. "పోయిందా? నాకే పోయిందా? ఆ మొదటిదానిలాగే వీళ్లూ పోతారు, నాకు తెలుసు, నాకు తెలుసు" అంటూ తల కిటికీకేసి కొట్టుకుంది. ఒళ్లు కర్రలా బిగుసుకుంది. కెరానా ఆ తల పట్టుకుని గుండెకి అదుముకుంది. అద్దంలో చూశాను.  ఇంకో కిలోమీటరు అలాగే పోయింది. తరవాత కెరానా మేజోడులోకి చెయ్యి పెట్టింది. బిళ్ల అక్కడుంది.

"పోలేదే. నేనే దాచాను. విను. ఇది ఎలేనమ్మ కాదు."

అంతా చెప్పింది. నొప్పి వచ్చినప్పుడు ఆగి, పోయినప్పుడు మళ్లీ ఎత్తుకుని, అన్నదమ్ములు, మూసిన తలుపులు, తల్లి ఒళ్లో చచ్చిన కొడుకు, ఒక్కటీ దాచకుండా చెప్పింది. దోన్కా గుండెల మీద సిలువ వేసుకుంటూనే ఉంది. ఇప్పుడెందుకు చెబుతున్నావని అరవాలనిపించింది నాకు.

స్తామెనా రొప్పుతూ వింది. "ఇద్దర్నీ కన్నదా ఆవిడ?"

"కన్నది."

"బతికే పుట్టారా?"

"బతికే పుట్టారు. పెద్దవాళ్లయ్యారు కూడా. అదేగా నేను చెప్పేది, పెద్దవాళ్లయ్యాకే..."

"ఇటియ్యి."

"తల్లీ, నేను చెప్పింది..."

"విన్నానవ్వా! పెద్దవాళ్లయ్యాక కొట్టుకుంటే అప్పుడు చెవులు మెలేస్తా. ముందు పుట్టనీ వాళ్లని! ఇటియ్యి!"

కెరానా చెయ్యి తెరవలేదు. స్తామెనాయే ఆ గుప్పిట విప్పదీసి బిళ్ల లాక్కుంది.

పొద్దుతిరుగుడు చేల దగ్గర కారు ఆపాల్సొచ్చింది. మొదటివాడు అక్కడే పుట్టాడు. ఇరవై మూడేళ్లు కాన్పుగది నేల కడిగినప్పుడు కెరానా కళ్లు నేల మీదే లేవని ఆరోజు తెలిసింది. ఎక్కడ కట్టాలి, ఏది తుడవాలి, ఎప్పుడు ఊరుకోవాలి, ఆమె చేతులకి తెలుసు. నా శాలువా చింపింది. దోన్కాని "నోరు మూసుకుని తల పట్టుకో" అంటే దోన్కా మూసుకుంది కూడా. రెండోవాడు గంటన్నర తరవాత బుర్గాస్ ఆసుపత్రిలో పుట్టాడు. ఇద్దరూ బతికారు. స్తామెనా బతికింది.

వరండాలో దోన్కా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "ఒకడు చేలో, ఒకడు పట్నంలో. చేను నాదంటే నాదని ఇప్పట్నుంచే తగువు పెట్టుకుంటారు వెధవలు."

మామూలు హాస్యమే. కెరానా మాత్రం లేచి వరండా చివరి కిటికీ దగ్గరికి వెళ్లిపోయింది.

నలభయ్యో రోజున స్తామెనా పిల్లలిద్దర్నీ ఎత్తుకుని చర్చికి వచ్చింది. దీవెన అయ్యాక బిళ్లని కొత్త తాడు కట్టి కెరానా చేతిలో పెట్టింది. "మళ్లీ దాచకు అవ్వా. మా వీధిలో గీతా వాళ్ల చెల్లెలికి డిసెంబరులో కాన్పు" అంది.

"నేను చెప్పిందంతా మరిచిపోయావా?"

"మరవలేదు. గీతా వాళ్ల చెల్లెలికి చెప్పాను కూడా. అది కడుపుబ్బ నవ్వింది. తరవాత ఏడ్చింది. అయినా కావాలంది."

అందరూ వెళ్లాక కెరానా ఒక కొవ్వొత్తి వెలిగించింది. మా చర్చిలో బతికినవాళ్ల కోసం, పునీతుల కోసం వెలిగించేవి పై వరసలో పెడతాం. చనిపోయినవాళ్లవి కింద, ఇసుక తొట్టెలో. ఆమె పై వరస దాకా చెయ్యెత్తి దించేసింది. కిందకి వంగి మళ్లీ లేచింది. యూలియా పునీతురాలు కాదు. బాప్తిస్మం లేనిదానికి చనిపోయినవాళ్లలోనూ చోటు లేదని ఆమె అడిగితే చర్చి ఫాదర్ ఆగస్టులోనే చెప్పేశాడు.

"ఎక్కడ పెట్టను పంతులమ్మా?" అంది గుసగుసగా. "స్తామెనా పిల్లల కోసమైతే పైన పెట్టేదాన్ని. ఇది ఆవిడ కోసం. ఏడవనివ్వలేదటగా."



మైనం కరిగి ఆమె వేళ్ల మీదికి జారుతోంది. ఆమె తొట్టెకీ పై వరసకీ మధ్య అలాగే నిలబడి ఉంది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.